ఈసీఎం మార్చినా మళ్లీ వచ్చిన యూ0100

నడుస్తున్న కారు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆర్‌పీఎం ముల్లు సున్నాకి పడిపోతుంది. ఏబీఎస్, స్టీరింగ్, గేర్ లైట్లు ఒక్కసారిగా వెలుగుతాయి. రేడియేటర్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరగడం మొదలుపెడుతుంది. ఆ సమయంలో తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. కాసేపు వదిలేసి మళ్లీ తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది.

నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. నా దగ్గరికి వచ్చేసరికే వేరే చోట బ్యాటరీ మార్చారు, మెయిన్ రిలే (ఇంజిన్ కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే స్విచ్) మార్చారు, చివరికి వాడిన ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఒకటి తెచ్చి ఇమ్మొబిలైజర్‌తో (తాళాన్ని గుర్తుపట్టే దొంగతన నిరోధక వ్యవస్థ) మ్యాచ్ చేసి పెట్టారు. కొన్నాళ్లు బాగా నడిచింది. తర్వాత మళ్లీ అదే తంతు. స్కానర్‌లో మొదటి నుంచీ అందరూ పట్టించుకున్న కోడ్ ఒకటే, యూ0100. పాత ఈసీఎం పారేయకుండా డిక్కీలో ఉంచడం ఓనర్ చేసిన మంచి పని. పాత స్కాన్ రిపోర్టు కాగితం కూడా దాచి ఉంచాడు. ఆ కాగితం ఎంత పనికొచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

ఈ కోడ్ ఎవరు రాశారు?

యూ0100 అంటే ఈసీఎంతో కమ్యూనికేషన్ తెగిపోయిందని. ఈ కోడ్‌ను ఈసీఎం తన మీద తాను రాసుకోదు. ఇంజిన్ స్పీడు, యాక్సిలరేటర్ ఎంత నొక్కారు, టార్క్ ఎంత లాంటి సమాచారాన్ని ఈసీఎం క్యాన్ లైను (కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే రెండు వైర్ల లైను) మీద పది, ఇరవై మిల్లీసెకన్లకోసారి పంపుతూ ఉంటుంది. గేర్‌బాక్స్ కంప్యూటర్, ఏబీఎస్, పవర్ స్టీరింగ్, బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లు, తాళాల లాంటివి చూసే కంప్యూటర్) ఆ సమాచారం మీద ఆధారపడి పనిచేస్తాయి. రావాల్సిన మెసేజ్ గడువులోగా రాకపోతే వాళ్లే తమ మెమరీలో యూ0100 రాసుకుంటారు. కాబట్టి ఇది నేరం చేసినవాడి ఒప్పుకోలు కాదు, పక్కింటివాళ్ల సాక్ష్యం. ఎంతమంది ఒకే మాట చెబుతున్నారు, ఏ సమయంలో చూశారు అన్నది ముందు అడగాలి.

ఒక్క ఏబీఎస్ మాత్రమే యూ0100 రాసి, మిగతావాళ్లు మామూలుగా ఉంటే ఈసీఎం జోలికే పోనక్కర్లేదు. అనుమానం ఏబీఎస్‌కి వెళ్లే క్యాన్ వైర్ల మీదో, ఏబీఎస్ మీదో పెట్టుకోవాలి. ఈ కారులో నాలుగు మాడ్యూళ్లూ ఒకే కోడ్ రాశాయి. అంటే ఈసీఎం గొంతు ఎవరికీ వినపడలేదు.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. ఈసీఎం తన మెమరీలో ఏం రాసుకుంది? దాని దగ్గర యూ0101 లేదు, యూ0121 లేదు. అంటే గేర్‌బాక్స్ గురించి గానీ ఏబీఎస్ గురించి గానీ దానికి ఏ ఫిర్యాదూ లేదు. ఇది నాకు చాలా విలువైన సమాచారం. ఈసీఎంకి వెళ్లే క్యాన్ వైర్లే తెగి ఉంటే, లోపల బతికే ఉన్న ఈసీఎంకి కూడా మిగతావాళ్ల మాటలు ఆగిపోయేవి. అప్పుడు అది కూడా తన వంతు కోడ్లు రాసేది. పైగా నడుస్తున్న ఇంజిన్ క్యాన్ పోయినంత మాత్రాన సాధారణంగా ఆగదు. పవర్ తగ్గించుకుని, గేర్ ఒకదాంట్లో ఇరుక్కుని ఎలాగోలా నడుస్తుంది. ఇక్కడ ఇంజిన్ కూడా టక్కున ఆగిపోతోంది, ఈసీఎం దగ్గర ఎవరి మీదా ఫిర్యాదు లేదు. అంటే ఆ క్షణంలో ఈసీఎం మొత్తంగా పడిపోతోంది. తిరిగి లేచాక దానికి జరిగింది గుర్తుండటం లేదు.

ఇంతవరకు స్పానర్ పట్టుకోలేదు. యూ కోడ్ల విషయంలో మాత్రం ఈ ఆలోచనకే నేను ఎక్కువ సమయం ఇస్తాను.

పాత కోడ్లను అలాగే నమ్మకూడదు. ఈసీఎం కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) పీకి ఇగ్నిషన్ ఆన్ చేస్తే చాలు, నాలుగు మాడ్యూళ్లూ యూ0100 రాసేస్తాయి. ఇంతకుముందు ఈసీఎం మార్చారు కాబట్టి అప్పుడు పడిన కోడ్లు కూడా ఇందులో కలిసి ఉండొచ్చు. అన్నీ సేవ్ చేసుకుని, చెరిపేసి, ఓనర్‌ని మామూలుగా నడుపుకోమన్నాను. మళ్లీ ఆగిపోయాక కారు తెచ్చాడు. ఈసారి బాడీ కంట్రోల్ మాడ్యూల్ ఫ్రీజ్ ఫ్రేమ్‌లో (కోడ్ పడిన క్షణంలో దాచుకున్న వివరాల్లో) బ్యాటరీ వోల్టేజ్ 13.9, వేగం గంటకు 38 కిలోమీటర్లు. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ బాగా పడిపోయి యూ0100 రావడం చాలా మామూలు, అక్కడ కావలసింది బ్యాటరీయే. 13.9 వోల్టుల దగ్గర, నడుస్తున్న కారులో వచ్చిన యూ0100కి బ్యాటరీతో సంబంధం లేదు. ఆ కొత్త బ్యాటరీ ఖర్చు అనవసరంగా అయినట్టే.

ఈసీఎంలో మాత్రం ఒక కోడ్ ఉంది, పీ0532. ఏసీ గ్యాస్ ప్రెషర్ సెన్సర్ సిగ్నల్ తక్కువగా ఉందని. ఏసీ చల్లగానే వస్తోంది. అందుకే ఇంతకుముందు చూసినవాళ్లు దీన్ని చెరిపేసి వదిలేశారు. ఓనర్ దాచిన కాగితం తీసి చూస్తే, పాత ఈసీఎం ఉన్నప్పుడు తీసిన రిపోర్టులో కూడా పీ0532 ఉంది. రెండు వేర్వేరు ఈసీఎంలు ఒకే కోడ్ చూపించాయంటే ఆ కోడ్‌కి కారణం ఈసీఎం బయట ఉంది. ఇంజిన్ ఆగడానికీ దీనికీ సంబంధం ఉందని అప్పటికి రుజువు లేదు. జాబ్ కార్డు మీద పీ0532 అని పెద్దగా రాసి చుట్టూ గీత గీసి పక్కన పెట్టాను.

క్యాన్, పవర్, ఎర్త్

క్యాన్ పరీక్ష త్వరగానే అయిపోయింది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, స్కానర్ పెట్టే 16 పిన్నుల కప్లర్‌లో 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ చూస్తే 60.4 ఓమ్‌లు. లైనుకి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కోటి ఉంటుంది, రెండూ ప్యారలల్‌గా కలిస్తే 60. ఒకటి తెగితే 120 చూపిస్తుంది. రెండు వైర్లు ఒకదానికొకటి అంటుకుంటే సున్నాకి దగ్గరగా వస్తుంది. బ్యాటరీ తీయకుండా ఈ కొలత తీస్తే లైన్లో ఉన్న వోల్టేజ్ వల్ల మీటర్ ఏదో ఒక తప్పు అంకె చూపిస్తుంది, దాన్ని పట్టుకుని వైర్లు కోసేవాళ్లను చూశాను.

ఈ 60 ఓమ్‌లకు ఒక పరిమితి ఉంది. ఈ కారులో ఒక రెసిస్టర్ ఈసీఎం లోపలే ఉంటుంది. అది మామూలు రెసిస్టర్, దానికి కరెంటు అక్కర్లేదు. ఈసీఎం పూర్తిగా చచ్చిపోయి ఉన్నా కప్లర్ పెట్టి ఉంటే 60 వస్తుంది. కాబట్టి ఈ కొలత వైర్లు ఈసీఎం దాకా బాగున్నాయని చెబుతుందే తప్ప ఈసీఎం బతికుందని చెప్పదు.

వోల్టేజ్ మార్పుల్ని గీతగా చూపే స్కోప్‌లో సిగ్నల్ కూడా శుభ్రంగా ఉంది. లైను ఖాళీగా ఉన్నప్పుడు రెండు వైర్లూ 2.5 వోల్టుల దగ్గర, మెసేజ్ వెళ్లేటప్పుడు క్యాన్ హై 3.5కి పైకి, క్యాన్ లో 1.5కి కిందికి.

ఇక పవర్, ఎర్త్. ఇక్కడ మల్టీమీటర్‌ని ఒంటరిగా నమ్మకూడదు. పది పోగుల వైరులో తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది. ఎందుకంటే మీటర్ దాదాపు కరెంటే లాగదు. అందుకే 21 వాట్ల బల్బు పెట్టి పరీక్షిస్తాను. ఈసీఎం కప్లర్ తీసి, పవర్ పిన్‌కీ ఎర్త్ పిన్‌కీ మధ్య బల్బు కలిపితే సుమారు 1.75 ఆంపియర్లు పారతాయి, బల్బు నిండుగా వెలగాలి. ఈ కారులో మెయిన్ రిలేకి ఎర్త్ ఇచ్చి ఆన్ చేసేది ఈసీఎమే. కప్లర్ తీశాక రిలే ఎలాగూ పడిపోతుంది. రిలే కంట్రోల్ వైరును ఎర్త్ చేసి రిలేని చేత్తో ఆన్ చేయాలి. ఈ సంగతి తెలియకపోతే పవర్ రావడం లేదని అపార్థం చేసుకుని ఫ్యూజ్ బాక్స్ విప్పేస్తారు.

బల్బు నిండుగా వెలిగింది. కప్లర్ మళ్లీ పెట్టి, ఇంజిన్ నడుస్తూ, హెడ్‌లైట్లూ బ్లోయర్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ నెగటివ్ నుంచి ఈసీఎం ఎర్త్ పిన్ దాకా వోల్టేజ్ డ్రాప్ 18 మిల్లీవోల్టులు. 100 మిల్లీవోల్టుల లోపు ఉంటే నాకు అభ్యంతరం లేదు. వైర్లు కదిపినా అంకె మారలేదు.

మామూలుగా ఇక్కడి దాకా వచ్చినవాళ్లు రాసే తీర్పు తెలిసిందే. పవర్ బాగుంది, ఎర్త్ బాగుంది, క్యాన్ బాగుంది, అయితే ఈసీఎం పోయింది. ఇంతకుముందు చోట బహుశా అదే లెక్క వేశారు. లెక్కలో తప్పు లేదు, కాకపోతే ఒక అంశం తక్కువైంది. ఇవన్నీ కారు బాగున్నప్పుడు తీసిన కొలతలు. ఆగిపోయే క్షణంలో ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు.

ఆగిపోయిన క్షణం

నాలుగు చానెళ్ల స్కోప్ కారులో పెట్టాను. మొదటిది మెయిన్ రిలే నుంచి ఈసీఎంకి వచ్చే పవర్. రెండోది ఈసీఎం ఎర్త్. మూడోది క్యాన్ హై. నాలుగోది మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) కప్లర్ దగ్గర 5 వోల్టుల రిఫరెన్స్ వైరు. ప్రోబ్‌లు కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్నులతోనే పెట్టాలి. ముందు నుంచి లావు ప్రోబ్ దూరిస్తే లోపలి టెర్మినల్ విచ్చుకుంటుంది, లేని జబ్బు ఒకటి మనమే తెచ్చినట్టవుతుంది.

నాలుగో చానెల్ ఎందుకంటే, ఈసీఎం బయటి నుంచి 12 వోల్టులు తీసుకుని సెన్సర్లకు 5 వోల్టులు తయారు చేసి ఇస్తుంది. మంచి డిజైన్ ఉన్న ఈసీఎంలలో సెన్సర్ల 5 వోల్టులకు విడిగా, రక్షణతో కూడిన రెగ్యులేటర్ ఉంటుంది. అక్కడ షార్ట్ అయితే ఒక కోడ్ పడి ఊరుకుంటుంది, ఈసీఎం మాత్రం మాట్లాడుతూనే ఉంటుంది. కానీ కొన్ని మోడళ్లలో సెన్సర్ లైను షార్ట్ అయితే ప్రాసెసర్ కూడా రీసెట్ అయిపోతుంది. బయటి నుంచి చూసేవాడికి ఈసీఎం చచ్చిపోయినట్టే ఉంటుంది. పవర్ ఉంది, ఎర్త్ ఉంది, స్కానర్‌కి జవాబు లేదు. యూ0100 మీద పనిచేసేవాళ్లు ఈ 5 వోల్టుల దారి చూడకుండా ఎన్ని మంచి ఈసీఎంలు పక్కన పడేశారో చెప్పలేను.

నడిపే మనిషి వేరు, స్క్రీన్ చూసే మనిషి వేరుగా బయలుదేరాం. కదిలే కారులో ఒక్కరే రెండు పనులూ చేయకూడదు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు చక్రాలు కిందికి పడగానే ఇంజిన్ ఆగింది.

రికార్డు చేసిన గీతల్ని పెద్దవి చేసి చూస్తే విషయం అంతా వరసగా ఉంది. మొదట 5 వోల్టుల లైను 5.02 నుంచి 0.3కి కూలింది. అప్పటికి రిలే పవర్ 14 వోల్టుల దగ్గర నిటారుగా ఉంది, ఎర్త్ కదల్లేదు. కొన్ని మిల్లీసెకన్ల తర్వాత క్యాన్ లైనులో మెసేజ్‌లు పలచబడ్డాయి. పూర్తిగా ఆగలేదు, మిగతా మాడ్యూళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నాయి, ఈసీఎం మెసేజ్‌లు మాత్రం మాయమయ్యాయి. ఆ తర్వాతే రిలే పవర్ సున్నాకి పడింది. ఈసీఎం పడిపోయింది కాబట్టి అది పట్టుకుని ఉన్న రిలేని కూడా వదిలేసింది.

మీటర్ ఒక్కటే పెట్టుకుని రిలే అవుట్‌పుట్ దగ్గర కూర్చున్నవాడికి కనిపించేది చివరి ముక్క మాత్రమే. ఇంజిన్ ఆగింది, రిలే పవర్ పోయింది, కాబట్టి రిలే చెడింది. మొదట మార్చిన రిలే కథ అలా అర్థమైంది. ఏది ముందు పడింది, ఏది దాని వెనక పడింది అన్నది మిల్లీసెకన్లలో తేలే విషయం. దానికి స్కోప్ తప్ప వేరే మార్గం నాకు తెలియదు.

5 వోల్టులను ఎవరు లాగుతున్నారు

వైరింగ్ డయాగ్రామ్ ప్రకారం ఆ 5 వోల్టుల లైను మీద మూడు సెన్సర్లున్నాయి. మ్యాప్ సెన్సర్, కామ్ సెన్సర్ (కామ్‌షాఫ్ట్ ఏ స్థానంలో ఉందో చెప్పేది), ఏసీ ప్రెషర్ సెన్సర్. యాక్సిలరేటర్ పెడల్‌కి వేరే లైను. మూడో పేరు చదవగానే జాబ్ కార్డు మీద గీత గీసిన పీ0532 గుర్తొచ్చింది.

స్థిరమైన షార్ట్ అయితే పని సులువు. ఇగ్నిషన్ ఆన్ చేసి 5 వోల్టులు చూస్తూ సెన్సర్ కప్లర్లు ఒక్కొక్కటీ తీస్తూ పోవాలి, ఏది తీస్తే 5 తిరిగి వచ్చిందో అదే దొంగ. ఇక్కడ షార్ట్ వచ్చిపోయే రకం. పైగా ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది. లోపం సెన్సర్‌లో కాక దానికి వెళ్లే వైరులో ఉంటే కప్లర్ తీసినా షార్ట్ పోదు.

అందుకే ఏసీ సెన్సర్ కప్లర్ ముందుగానే తీసి పక్కన పెట్టాను. ఇగ్నిషన్ ఆన్, స్కోప్‌లో 5 వోల్టుల గీత. కండెన్సర్ వైపు వెళ్లే వైరింగ్ కట్టను చేత్తో మెల్లగా అటూ ఇటూ కదిపాను. రేడియేటర్ సపోర్ట్ వెనక అంచు దగ్గర కట్టను కిందికి నొక్కగానే గీత కూలిపోయింది, స్కానర్ ఈసీఎం దొరకడం లేదంది. చెయ్యి తీసేసి ఇగ్నిషన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ అన్నీ మామూలు. సెన్సర్ కప్లర్ తీసే ఉంది కాబట్టి సెన్సర్ తప్పు కాదని కూడా అక్కడే తేలింది.

టేపు విప్పి చూస్తే, వైరింగ్ కట్టను అంచుకి దూరంగా పట్టి ఉంచాల్సిన ప్లాస్టిక్ క్లిప్ లేదు. ఓనర్‌ని అడిగితే కొంతకాలం కిందట బంపర్ విప్పి కండెన్సర్ మార్చారని చెప్పాడు. క్లిప్ లేక కట్ట రేకు అంచు మీద కూర్చుంది, ప్రతి కుదుపుకీ రాసుకుంది. మూడు వైర్లలో 5 వోల్టుల వైరు మాత్రమే అంచు వైపు ఉంది. దాని పైతొడుగు అరిగి, రాగి బయటపడి, పచ్చగా చిలుము పట్టి, కొన్ని పోగులు తెగి ఉన్నాయి. రెండు లక్షణాలకూ కారణం ఆ ఒక్క చోటే ఉంది. కట్ట లాగినట్టయినప్పుడు మిగిలిన పోగులు విడిపోయి ఏసీ సెన్సర్‌కి 5 వోల్టులు అందక పీ0532 వస్తోంది. కట్ట కిందికి కదిలినప్పుడు బయటపడిన రాగి రేకుకి తగిలి ఈసీఎం మొత్తం పడిపోతోంది. షార్ట్ అయినప్పుడు రిఫరెన్స్ వోల్టేజ్ కోడ్ రాసుకునే వ్యవధి కూడా దానికి దొరకడం లేదు.

ఈసీఎం మార్చాక కొన్నాళ్లు బాగా నడవడంలో కూడా వింత లేదు. వైరు ఆ రోజుల్లో రేకుకి తగల్లేదు, అంతే.

రిపేరు, తర్వాత

పాడైన ముక్క కోసేసి అదే మందం కొత్త వైరు కలిపాను. క్రింప్ చేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ వేశాను. ముందు భాగంలో నీళ్లు కొట్టే చోట మామూలు ఇన్సులేషన్ టేపు పనికిరాదు, తడి చేరి ఆ రాగి మళ్లీ పచ్చబడుతుంది. పక్కనున్న రెండు వైర్ల తొడుగులు బాగున్నాయని చూసి, మొత్తానికి మడతల ప్లాస్టిక్ ట్యూబు తొడిగి, కొత్త క్లిప్ పెట్టి, రేకు అంచుకి రబ్బరు బీడింగ్ వేశాను.

కొందరు ఈ దశలో 5 వోల్టుల వైరును కావాలని ఎర్త్‌కి తాకించి, ఈసీఎం నిజంగా అలాగే పడిపోతుందా అని చూసుకుంటారు. రెగ్యులేటర్లు తట్టుకునేలాగే తయారవుతాయి, నిజమే. అయినా కస్టమర్ ఈసీఎం మీద నేను ఆ పని చేయను. స్కోప్ రికార్డు చాలు.

తర్వాత ఒరిజినల్ ఈసీఎం తిరిగి పెట్టాను. వాడిన ఈసీఎంతో కారు నడుస్తుంది గానీ అందులో ఛాసిస్ నంబర్ వేరే కారుది, సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా కొంచెం తేడాగా ఉంది. అలాంటిది ఎప్పుడో ఒకసారి గేర్‌బాక్స్‌తోనో ఎమిషన్ టెస్ట్‌లోనో పేచీ పెడుతుంది. ఇమ్మొబిలైజర్ మ్యాచింగ్, థ్రాటిల్ లెర్నింగ్ చేసి, అన్ని మాడ్యూళ్లలో కోడ్లు చెరిపాను. స్కోప్ అలాగే ఉంచి, ఏసీ ఆన్ చేసి, మునుపు ఆగిపోయిన దారిలోనే తిప్పాం. స్పీడ్ బ్రేకర్ల మీద 5.02 వోల్టుల గీత కదల్లేదు. కట్టను చేత్తో ఎంత కుదిపినా అంతే.

సర్వీసుకి మళ్లీ వచ్చినప్పుడు అన్ని మాడ్యూళ్లూ చదివాను. ఏబీఎస్‌లో, గేర్‌బాక్స్‌లో, స్టీరింగ్‌లో, బాడీ మాడ్యూల్‌లో యూ0100 లేదు. ఈసీఎంలో పీ0532 కూడా లేదు. డిక్కీలో ఇప్పుడు ఆ రెండో ఈసీఎం ఉంది, స్పేర్‌గా ఉంచుకోనా అని ఓనర్ అడిగాడు. అమ్మేయమని చెప్పాను.